ఎర్ర వాగు

సిద్దిపేట పక్కన పొన్నాల దాటగానే జీపు ఆగింది.

రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు. వాటి మీద పెద్ద పెద్ద గంజులు. తెలంగాణ కోసం సమ్మె రోజులు కదా, నడిరోడ్డు మీదే వంటావార్పు.

పొగలోంచి "జై తెలంగాణ" అని కేక వినిపించింది.

బాలనర్సయ్య చేతిలోని బండారి పొట్లాన్ని గట్టిగా పట్టుకున్నాడు. నిన్న కొమురవెల్లి పోయి మల్లన్న దగ్గర తెచ్చిన పసుపు అది. హైదరాబాదు దవాఖానలో ఉన్న భార్య సుశీల నుదుట పెట్టాలి.

ఈ సాయంత్రం ఆమె తలకు ఆపరేషన్. ఆ లోపల ఏమైనా జరగొచ్చని డాక్టరు ముందే చెప్పాడు.

"ఎప్పుడు ఇడుస్తరు ముస్తఫా?" అని డ్రైవరును అడిగాడు.

"నా చేతుల ఏమున్నది కాకా? బువ్వ ఉడకాలె, ఆళ్లు తినాలె, మనకు పెట్టాలె. అప్పటిదాంక బండి గిట్లనే."

పక్క సీటులో ఉన్న మనిషి మాత్రం తల ఎత్తలేదు. కరీంనగర్‌లోనే ఎక్కాడట. ఒళ్లో కంప్యూటరు. దాని తెర మీద ఒక వాగు, ఎర్రగా. రెండు పాయలుగా చీలే చోట రంగులన్నీ కలిసి సుడి తిరుగుతున్నాయి.

చూస్తుంటే బాలనర్సయ్యకు ఎందుకో దిగులు పుట్టింది.

"ఏంది సార్ గది?"

"ప్రవాహమండీ. గోడ ఎక్కడ పలచబడిందో చూస్తున్నా."

మాట ఇక్కడిది కాదు, ఆంధ్రా వైపుది.

"తెగుతదా?"

ఆ మనిషి కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

అంతలో కిటికీలోంచి దుబ్బయ్య తల లోపలికి వచ్చింది. మెడలో గులాబీ కండువా, చేతిలో గరిటె. అతనిదీ బాలనర్సయ్యదీ ఒకే వాడ.

"నర్సన్నా, వదినె ఎట్లున్నది? దవాఖానకేనా?" అన్నాడు.

ఆ వెంటనే అతని చూపు తెర మీద పడింది.

"ఓ సారూ, ఏ కాల్వ గిది? మా నీళ్లు ఎటు మలుపుతున్నవ్?"

నలుగురు గుమిగూడారు.

"ఇది కాలువ కాదండీ..."

"కాదా? గీ పాయలేంది మరి? గీ సుడేంది? మేం నాగలి పట్టెటోళ్లమే గాని, నీళ్ల బొమ్మ ఎరుకలేనోళ్లం గాదు."

"నేనూ ఆసుపత్రికే వెళ్లాలి. ఒకరి ప్రాణం మీద ఉంది."

"ఎవల ప్రాణం?"

"పేరు తెలియదు. నంబరే ఇచ్చారు."

"పేరు తెల్వనోళ్లకోసం పోతున్నవా! నీ అసొంటి మంచోన్ని మేం ఇడుస్తమా సారూ?"

అందరూ నవ్వారు. నవ్వనిది ఇద్దరే. ఆ మనిషి, బాలనర్సయ్య.

దుబ్బయ్య గొంతు తగ్గించాడు.

"నర్సన్నా, ఈన నీతోనా? నీతోనైతే చెప్పు, ఇడిశిపెడుతం."

ఆ మనిషి బాలనర్సయ్య వైపు చూశాడు.

ఔనంటే? ఎవరు, ఏమిటి, ఎక్కడ కలిశారు అంటారు. ఇంకో గంట పోతుంది. అక్కడ సుశీల ఒక్కతే.

"నాకు తెల్వదు," అన్నాడు బాలనర్సయ్య.

ఎవరూ ఆ మనిషి మీద చెయ్యి వేయలేదు. మర్యాదగానే దింపారు. కంప్యూటరు దుబ్బయ్య చంకలోకి పోయింది.

"గీడ కూసో సారూ. బువ్వ తిను. కాల్వల సంగతి తెలిసినాయన ఒస్తుండు, సూశి చెప్తడు. తప్పు లేకుంటే మేమే సాగదోలుతం."

ఒక పొయ్యిని పక్కకు జరిపి జీపుకు దారిచ్చారు.

"దవాఖానకు పోయేటోళ్లను ఆపొద్దురో!"

జీపు కదిలింది. బాలనర్సయ్య వెనక్కి చూడలేదు. 'మల్లన్నా, నేనన్నది అబద్ధం కాదు గదా?' అని మాత్రం లోపల అడిగాడు.

దవాఖానకు చేరేసరికి డాక్టరు వరండాలో అటూ ఇటూ తిరుగుతున్నాడు.

"ఇక ఆగలేం. ఆమెను లోపలికి తీసుకుపోతున్నాం."

"ఎవలకోసం ఆగిన్రు సారూ?"

"మీ ఆవిడ తలలో రక్తనాళం ఒకచోట ఉబ్బింది. రక్తం దాన్ని ఏ వైపు కొడుతోందో, ఎక్కడ పట్టుకుంటే పగలదో కంప్యూటర్లో కట్టి చూపించే ఆయన ఒకరున్నారు. రాత్రంతా కూర్చుని లెక్క కట్టారు. నిన్నటి నుంచి నెట్ లేదని తానే తీసుకొస్తానన్నారు. సిద్దిపేట దాకా వచ్చినట్టు తెలుసు. తర్వాత ఫోను కలవడం లేదు."

"ఆయన లేకుంటే?"

"ఉన్న వెలుతురులోనే నడవాలి. మీరూ దేవుణ్ణి మొక్కుకోండి."

డాక్టరు తన బల్ల మీది కంప్యూటరు ఇటు తిప్పాడు.

"మొన్న ఆయన పంపిన మొదటి బొమ్మ ఇది. సగమే అయింది."

తెర మీద ఎర్ర వాగు. రెండు పాయలు. చీలే చోట సుడి.

బాలనర్సయ్య చేతిలోని పొట్లం జారి, బండారి నేలంతా పరుచుకుంది.

తనకు తెలియదని చెప్పి రోడ్డు మీద వదిలేసిన ఆ మనిషి, కరీంనగర్ నుంచి ఒళ్లో పెట్టుకుని తెచ్చింది సుశీల తలనే.