పంపు కింద చిల్లు

పాచిపెంట షెడ్డులో పాత లారీకి కొత్త వాటర్ పంపు బిగించబోతున్న మెకానిక్ కొండబాబును డ్రైవర్ ఫల్గుణ ఆపాడు. పంపు అడుగున చిన్న చిల్లుంది.

“సిల్లు పంపు అంటగడతన్నావేటి? కాఫీ బస్తాల్తో ఘాటీ దిగాలి నేను.”

“ఏ పంపుకైనా అదుంటాది బావా. లోన సీలు పోతే అందులోంచి నీళ్లు కారతాయి. పంపు పోతందని మనకి ముందే తెలుస్తాది.”

“ఎవుడికి సెప్తన్నావు కతలు?”

సాక్ష్యం చూపిద్దామని కొండబాబు పాత పంపును తిరగేశాడు. చిల్లు ఉండాల్సిన చోట లీకులు మూసే ఎంసీల్ ముద్ద గట్టిగా అతుక్కుని ఉంది.

“ఎవుడో దీని నోరు మూసేసాడు. నీళ్లు బేరింగులోకి పోయాయి. ఘాటీలో ఇంజిన్ పట్టేసుంటే ఏటయ్యేది?”

ఫల్గుణ జేబులోంచి చెయ్యి తీయలేదు. కొత్త చిల్లు మూయడానికి పట్టుకున్న మిగతా సగం ఎంసీల్ అందులోనే ఉంది.