గుట్ట కింది గంజి కేంద్రం

"సగం పూట పనికి సగం పైసలే," అన్నాడు వీరేందర్.

గంగవ్వ తన చేతిలోని నోట్లను, గుమ్మంలో నిలబడ్డ అతడి భార్య నవ్యను మార్చి మార్చి చూసింది. నిన్న వాకిట్లో పసుపు కొమ్ములు ఆరబోయడానికి వచ్చిన మనిషి గంగవ్వ. మధ్యలో మనవడికి జ్వరమని కబురొస్తే ఇంటికి పోయి, వాడికింత మందు పోసి మళ్ళీ వచ్చింది.

"పోయిన కాళ్ళతోనే వస్తి గద కొడుకా. కొమ్ములన్నీ కుప్పజేసినంకనే ఇంటికి పోయిన."

"నడుమల పోయినవా లేదా?"

గంగవ్వ నోట్లు కొంగున ముడేసుకుని వెళ్ళిపోయింది. ఆమె గేటు దాటేదాకా నవ్య ఆగింది.

"మనూళ్ళె నువ్వు గిట్ల చెయ్యలే గద."

"ఏ ఊళ్ళె?"

"గుట్ట కింద."

వీరేందర్ ఒక క్షణం ఆలోచించి నవ్వాడు. "గది ఆటనే. ఆట పైసలు ఎన్నయినా పంచుత. గివి ఎండల నిలవడి సంపాదించినయ్."

అతడు గల్ఫ్ నుంచి కోరుట్లకు వచ్చి రెండు రోజులే అయింది. పెళ్ళయిన కొత్తలోనే పోయాడు. ఫోన్ చేస్తే "ఏమే, తిన్నవా? పైసలు ముట్టినయా?" అనేవాడు. ఆ తర్వాత ఇద్దరికీ మాటలు దొరికేవి కావు. మొన్నటి ఎండాకాలం నవ్య విసిగిపోయి, జగిత్యాలలో తల్లిగారింటికి పోతాననీ, ఇక తిరిగి రాననీ ఫోన్లోనే చెప్పేసింది. బ్యాగు కూడా సర్దుకుంది.

అప్పుడు అతడే ఈ ఆట సంగతి చెప్పాడు. అక్కడ తనతో రూములో ఉండే సిరిసిల్ల సాయి నేర్పించాడట; ఆటలో తన పేరు ఎక్కించింది కూడా సాయేనట. అక్కడి నుంచి తాను, ఇక్కడి నుంచి ఆమె, ఇద్దరూ కలిసి ఒక ఊరు కట్టొచ్చు. నీకూ పొద్దు పోతుందని లాప్‌టాప్ పంపించాడు.

మంచు గుట్ట కింద మరుగుజ్జుల ఊరు అది. మొదట్లో ఒకే గాదె ఉండేది, ఆకలైనవాళ్ళు తిని పోయేవారు. ఊరు పెరిగాక నాణేలు పెట్టారు. పనికి కూలి, రొట్టెకు ధర, ఖజానాకు పన్ను. తొలి చలికాలమే ఒక వింత జరిగింది. గాదె నిండా గింజలున్నాయి, బయట మరుగుజ్జులు ఆకలితో పడిపోతున్నారు. చూస్తే ఊళ్ళోని నాణేలన్నీ సారా కాచే రెండిళ్ళకు చేరిపోయాయి. కొత్త నాణేలు కొట్టిద్దామంది బీకాం చదివిన నవ్య.

"కొట్టిస్తే రొట్టె ధర గూడ గుట్టెక్కుతది," అని అతడు రాశాడు. "సారా కాచెటోళ్ళకు పన్ను ఎక్కువ ఏద్దాం. పనిలేనోళ్ళతోని బాట తవ్విద్దాం. చాతగానోళ్ళకు గంజి పోద్దాం."

అట్లా ఊరి వాకిట్లో గంజి కేంద్రం వెలిసింది. ఇంకోసారి ఉన్ని అయిపోయి మగ్గాలు ఆగితే, ఖజానా ఖాళీ అవుతుందని ఆమె నేతగాళ్ళ కూలి ఆపింది. అతడు మళ్ళీ ఇప్పించాడు. "మగ్గం ఆగితే కూలి ఆగుతది. ఆకలి ఆగదు గద నవ్యా."

ఆ మాటను ఆమె ఎన్నిసార్లు చదువుకుందో. ఫోన్లో 'ఏమే' అనే మనిషి ఆటలో 'నవ్యా' అని రాసేవాడు. ఫోన్లో ఊరి ముచ్చట తీస్తే "గదంతా ఆటల్నే రాయి" అని తప్పించుకునేవాడు. ఎదుట మాట్లాడాలంటే సిగ్గేమో అనుకుంది. పైసలు చేతికొచ్చినప్పుడే మనిషి తెలుస్తాడని ఆమె తండ్రి అంటుండేవాడు. ఖజానా తాళం చేతిలో ఉండి గంజి పోసే మనిషితో బతకొచ్చు అనుకుంది. బ్యాగులోని బట్టలు తిరిగి బీరువాలోకి చేరాయి. శుక్రవారం అతడికి సెలవు. తెర మూలన 'వీరేందర్' అనే పేరు పచ్చగా వెలిగేదాకా ఆమెకు అన్నం సహించేది కాదు.

ఇప్పుడు ఇంటికొచ్చింది ఫోన్లో మనిషే. ఆటలో మనిషి రాలేదు.

గంగవ్వకు సగం పైసలు కోసినందుకే కాదు ఆమె బాధ. దయ కూడా ఆట కోసమేనా? తనను ఇక్కడ కట్టి పడెయ్యడానికి అన్ని మాటలు రాశాడా? ఎవరికైనా చెప్పుకుందామన్నా, ఆటలో మోసపోయానంటే నవ్వుతారు.

నవ్య అతడికి మటన్ కూర వడ్డించి, ఎదురుగా మంచం మీద కూర్చుని లాప్‌టాప్ తెరిచింది. అతడు వచ్చినప్పటి నుంచి ఆమె ఊరిని పట్టించుకోలేదు. గుట్ట మీద మంచు పడుతోంది. గంజి కేంద్రం ముందు వరుస పెద్దగా ఉంది.

"ఏం జేస్తున్నవే?"

"గంజి కేంద్రం మూసేస్తున్న."

ఆగమంటాడేమోనని చూసింది. ఆ ఒక్క మాట అంటే చాలు, మిగతావన్నీ మరిచిపోయేది.

"మూసెయ్. ఇంకింత షోర్వ పొయ్యి."

కూర పులుసు పోసి వచ్చి గంజి కేంద్రం మూసేసింది. మరుగుజ్జులు గిన్నెలు పట్టుకుని మంచులో అట్లాగే నిలబడ్డారు. ఆమెకు కళ్ళు మసకబారాయి. తుడుచుకుని చూసేసరికి తెర మూలన 'వీరేందర్' అనే పేరు పచ్చగా వెలుగుతోంది. దాని కింద అక్షరాలు ఒక్కొక్కటే పడ్డాయి.

"నవ్యా, గంజి ఎందుకు ఆపినవ్? పానం మంచిగ లేదా?"

ఎదురుగా పీట మీద వీరేందర్ రెండు చేతులతో మూలుగ ఎముక జుర్రుతున్నాడు.