తడి రుమాలు

మోకాళ్ల నొప్పులంటూ ఎప్పుడూ నడక తప్పించుకునే మా ఆయన, నేను పోరగా పోరగా ఆ ఆదివారం ఊరి చివరి అడవికి నాతో వచ్చారు. చలి తగ్గి చెట్లు అప్పుడే చిగురు వేస్తున్నాయి. కాలిబాట పక్కన ఎండుటాకుల మధ్య తెల్లవీ ఊదావీ చిన్న చిన్న పూలు గుంపులుగా కనిపించాయి.

"చూశారా, ఎవరు నాటారని ఇన్ని పూశాయి?" అంటూ వంగి గుప్పెడు కోశాను.

"అలా పట్టుకుంటే ఇల్లు చేరేలోపే తలలు వాల్చేస్తాయి. ఇలా ఇవ్వు."

జేబులోంచి రుమాలు తీసి, సీసాలోని నీళ్లతో తడిపి, కాడలు సమంగా సర్ది చుట్టడం మొదలుపెట్టారు. చొక్కా గుండీ ఊడితే సూదిలో దారం కూడా ఎక్కించలేని మనిషి. ఆ వేళ్ల నేర్పు చూసి ముచ్చటపడ్డాను.

"ఎక్కడ నేర్చుకున్నారండీ ఈ విద్య?"

"ఇందులో నేర్చుకునేదేముంది?"

రుమాలు అంచుకు ఆకుపచ్చ పసరు అంటింది. నా ముచ్చట అక్కడే ఆగిపోయింది. పోయిన వసంతమంతా ఆయన రుమాళ్లకు ఇదే మరక. ఆఫీసులో ఆకుపచ్చ సిరా ఒలికిందన్నారు. పాపం అనుకుంటూ చేతులు నొప్పెట్టేలా రుద్ది ఉతికాను. మా ఇంటికి మాత్రం ఒక్క పువ్వు తెచ్చిన పాపాన పోలేదు.

మంచినీళ్లు కావాలా అన్నంత మామూలుగా అడిగాను.

"ఆవిడకి తెల్లవే ఇష్టమా?"

"ఉహూ, ఊదావి" అన్నారు, ముడి బిగించడంలో మునిగిపోయి.

ఆ తర్వాత ఆయన వేళ్లు కదల్లేదు.