రెండు చుట్లు

ఫిలిప్ మూడోసారి కారు ఇంజిను గొలుసు ఊడదీశాడు.

"మళ్ళీ తప్పిందా?" గుమ్మంలోంచి అడిగింది భార్య హెలెన్.

"తప్పింది."

"షెడ్డుకి తోలిద్దామండీ. ఎందుకీ పంతం?"

"షెడ్డు పేరెత్తావంటే ఈ పానా తీసుకెళ్ళి బందరు కాలవలో పడేస్తా."

పోయినేడు ఒక షెడ్డువాడు ఇంజినులో కొత్త టైమింగ్ గొలుసు వేశానని చెప్పి, పాతదే తుడిచి బిగించాడు. ఏడాది తిరక్కుండానే లోపల గిలక్కాయ మోత మొదలైంది. ఇక తన కారు మీద పరాయి చెయ్యి పడనివ్వనని ఆరోజే అనుకున్నాడు ఫిలిప్.

ఎనిమిదో క్లాసులో బడి మానేసినవాడు. చదివి నేర్చుకునే ఓపిక లేదు. వింటే మాత్రం మర్చిపోడు. అందుకే పటమటలో తన ఇంటి ముందు గోనెపట్టా పరిచి, స్టూలు మీద ఫోన్ పెట్టుకుని, వీడియోలో గొంతు ఎలా చెబితే అలా చేస్తున్నాడు.

మొహం కనపడని వీడియో అది. గ్లౌజులు తొడిగిన రెండు చేతులు, ఒక గొంతు. అంతే.

"తొందరొద్దు తమ్ముడూ. ఇంజినేం మన మీద పగబట్టలా. గొలుసుకి మూడు రంగు లింకులున్నాయి. పళ్ళచక్రాల మీద మూడు గీతలున్నాయి. ఏ రంగు ఆ గీత మీద కూర్చోబెట్టు."

ఆ గొంతుని 'గురువుగారు' అంటాడు ఫిలిప్. గొలుసు ఎక్కించేదాకా విని ఆపేస్తాడు. మిగతాది తనకి తెలిసిందేగా అని ధీమా.

ఎక్కించినప్పుడు అన్నీ చక్కగానే కూర్చుంటున్నాయి. సరిచూసుకుందామని ఇంజినుని చేత్తో రెండు చుట్లు తిప్పితే మాత్రం రంగు లింకులు ఎక్కడికో పోతున్నాయి. ఒక్క పన్ను తేడాతో తాళం తిప్పాడా, వాల్వులు పిస్టన్లకి కొట్టుకుని ఇంజిను తుక్కయిపోతుంది.

రేపు పొద్దున ఆరింటికల్లా కారు ఆస్పత్రి ముందుండాలి. డయాలసిస్ పేషెంట్లని తెచ్చి దించే పని. కారు మూలపడ్డ పదిరోజులూ ఆగారు ఆస్పత్రివాళ్ళు. రేపూ రాకపోతే వేరే కారు పెట్టుకుంటామన్నారు.

నాలుగోసారి వీడియో పెట్టాడు.

గేటు దగ్గర ఎవరో ఆగారు.

అరవై దాటిన మనిషి. మెడకి తువ్వాలు, చంకలో ఆస్పత్రి కవరు. ఎండలో గేటు ఊచలు పట్టుకుని నిలబడిపోయాడు.

"ఏం పెద్దాయనా, ఎవరు కావాలి?"

తల అడ్డంగా ఊపాడు. కదల్లేదు.

"చోద్యం చూస్తున్నాడు," అని గొణుక్కున్నాడు ఫిలిప్.

అరగంట పట్టింది. గొలుసు ఎక్కించాడు. పానా వేసి చేత్తో తిప్పాడు. ఒక చుట్టు. రెండు చుట్లు.

రంగులు మళ్ళీ తప్పాయి.

పళ్ళు కొరుక్కుంటూ విప్పబోయాడు. ఎప్పుడొచ్చాడో, ఆ పెద్దాయన వచ్చి చెయ్యి పట్టుకున్నాడు. నోరు తెరిస్తే తువ్వాలు చాటునుంచి బుస్సుమని గాలి తప్ప మాట రాలేదు. సగం తెగిపోయిన చూపుడు వేలితో ఫోన్ చూపించాడు. గాల్లో ముందుకి, ఇంకా ముందుకి అన్నట్టు వేలు జరిపాడు.

"ఫోన్ కావాలా నీకు? పట్టపగలే తాగొచ్చావా?"

పెద్దాయన కాదన్నట్టు తల ఊపి, మళ్ళీ ఫోన్ చూపించాడు.

"మా గురువుగారు చెప్తుంటేనే కుదిరి చావట్లా, మధ్యలో నువ్వెవడివయ్యా? ఉన్న వేలు కూడా ఎందులోనో పెట్టుకునేవు. నడువ్!"

పెద్దాయన చెయ్యి వదిలేశాడు. ఆ వేలి వంక ఒకసారి చూసుకుని, చిన్నగా నవ్వి కారు వెనకనుంచి వెళ్ళిపోయాడు.

కాసేపు సేదతీరి, గొలుసు విప్పడానికి చిన్న స్క్రూడ్రైవర్ కోసం ఫిలిప్ డిక్కీ దగ్గరికెళ్ళాడు. పదిరోజుల దుమ్ము పట్టిన వెనకద్దం మీద ఎవరో వేలితో రాశారు.

'విప్పకు. సరిగ్గానే ఉంది. తిప్పాక రంగులు కలవవు. గీతలు చూడు.'

పరుగున వచ్చి వంగి చూశాడు. రంగుల్ని వదిలేసి, చక్రాల మీద గీతల్నే చూశాడు. మూడూ ఉండాల్సిన చోటే ఉన్నాయి. ఇంకో రెండు చుట్లు తిప్పాడు. మళ్ళీ అక్కడికే వచ్చాయి.

మొదటిసారీ సరిగ్గానే ఉంది. రెండోసారీ. మూడోసారీ. సరిగ్గా ఉన్నదాన్నే ఊడదీసుకుంటూ కూర్చున్నాడు.

"హెలెనూ! ఆ పెద్దాయన ఎటెళ్ళాడు?"

"చల్లపల్లి బస్సెక్కాడు. ఎందుకండీ ఆయన మీద అట్టా అరిచారు? తాగలేదాయన. గేటవతల మంచినీళ్ళిస్తే తువ్వాలు తీశాడు. మెడకి చిల్లుంది. ఆపరేషన్ చేసి గొంతు తీసేశారంట, కాగితం చూపించాడు."

ఫిలిప్ గోనెపట్టా మీదికి తిరిగొచ్చాడు. కూర్చుని పని మొదలుపెట్టాడు.

సాయంత్రానికి ఇంజిను కవరు బిగించి, ఆయిల్ పోసి తాళం తిప్పాడు. ఒక్క దెబ్బకి అందుకుంది ఇంజిను. గిలక్కాయ మోత లేదు.

"మీ గురువుగారికి థాంక్స్ అన్నా పెట్టండి," అంది హెలెన్ నవ్వుతూ.

వీడియో తెరిచి, మొదటిసారి చివరిదాకా పోనిచ్చాడు ఫిలిప్.

"రెండు చుట్లు తిప్పాక ఈ రంగులు కలవవు. ఇక్కడే చాలామంది కంగారుపడి ఊడదీస్తారు. విప్పకు తమ్ముడూ, సరిగ్గానే ఉంది. గీతలు చూడు."

వీడియోలో పని అయిపోయింది. తెర మీద చేతులు గ్లౌజులు తీసేశాయి.

కుడి చూపుడు వేలు సగమే ఉంది.

ఎండలో అరగంట సేపు గేటు పట్టుకుని ఆయన వింటూ నిలబడింది, పోయిన తన గొంతునే.