హడావిడక్క సైకిలు

"టీ చల్లారిపోయింది. కాస్త వేడి చేసి తెస్తావా?"

కేకులావిడ వంటగది గుమ్మంలో నిలబడి అడిగింది.

లోపల గిన్నెలతో కుస్తీ పడుతున్న లావుపాటి ఆవిడ వెనక్కి తిరిగింది.

"చేస్తాను గానీ, ఈ పొయ్యి వెలిగించడం నీకేమన్నా తెలుసా తల్లీ? ఇందాక ఆరిపోయిన దగ్గర్నుంచీ నా మాట వినడం లేదు."

వంటమనిషికి పొయ్యి వెలిగించడం రాకపోవడమేమిటని కేకులావిడ విసుక్కుంది. విసుక్కుంటూనే వెలిగించింది.

చెరువు ఒడ్డున ఉన్న ఆ ఇల్లు ఒక రకం ఆడవాళ్ళ కోసమే. అయినవాళ్ళు తమ ప్రాణం తామే తీసుకుంటే, వెనక మిగిలిపోయినవాళ్ళు వచ్చి కొన్నాళ్ళు ఉండి వెళతారు.

కేకులావిడ భర్త పోయి ఏడాది దాటింది. బేకరీలో కేకుల మీద పేర్లు రాయడం ఆమె పని. ఆయన పోయాక పుట్టినరోజు కేకు ముందు నిలబడితే ఒక్క అక్షరమూ పడేది కాదు. చివరికి ఆడపడుచు బతిమాలి బస్సెక్కించింది.

"ఇక్కడ ఎవరూ ఏదీ చెప్పి తీరాలని లేదు," అంది కౌన్సెలర్ అందర్నీ గుండ్రంగా కూర్చోబెట్టి. "చెప్పాలనిపిస్తే చెప్పండి. మధ్యలో లేచి వెళ్ళాలనిపిస్తే వెళ్ళండి. తలుపు తెరిచే ఉంటుంది."

ఒక టీచరమ్మ తమ్ముడి గురించి చెప్పింది. ఒక నర్సు తల్లి గురించి చెప్పింది. వంటావిడ గుమ్మం పక్కన కూర్చుని బఠాణీలు ఒలుస్తూ వింది. ఎవరి మాట మధ్యలో ఆగిపోతే వాళ్ళ ఒళ్ళో గుప్పెడు కాయలు పోసింది.

"ఒలువమ్మా. చేతులకి పనుంటే నోరు దానంతటదే పెగులుతుంది."

కేకులావిడ గంప సగం ఒలిచింది. నోరు మాత్రం విప్పలేదు.

మర్నాడు వంటావిడ గోడకి ఆనించి ఉన్న నీలం సైకిలు పెరట్లోకి తోసుకొచ్చింది.

"మీలో ఎవరైనా నాకిది నేర్పి పుణ్యం కట్టుకోండి."

"ఈ వయసులోనా?" అంది టీచరమ్మ.

"ఇంకో వయసు ఎక్కణ్ణుంచి తేను?"

ఇక మొదలైంది గోల. నర్సు హ్యాండిల్ పట్టుకుంది. టీచరమ్మ "కుడికి, కుడికి" అని అరిచింది. ఆవిడ ఎడమకి పోయింది. పోయి పోయి దండెం మీద ఆరేసిన దుప్పట్లలో దూరి, అవతలి పక్క దుప్పటి కప్పుకుని తేలింది. అప్పుడే ఆవిడకి హడావిడక్క అని పేరు పడింది.

కేకులావిడ పకపకా నవ్వింది. మరుక్షణం చేత్తో నోరు మూసుకుంది.

"నవ్వేశాను," అంది, ఏదో నేరం చేసినట్టు.

"విన్నాను. బావుంది," అంది హడావిడక్క దుప్పటిలోంచి. "మళ్ళీ పడనా?"

ఆ మర్నాడు సీటు పట్టుకునే వంతు కేకులావిడది. వేళ్ళు తెల్లబడేంత గట్టిగా పట్టుకుని వెనకే పరిగెత్తింది. అయినా చెరువు వైపు పల్లంలో సైకిలు అడ్డం తిరిగింది. ఇద్దరూ బురదలో పడ్డారు. హడావిడక్క మోచెయ్యి చీరుకుపోయింది.

కేకులావిడ ఏడుపందుకుంది.

"నా తప్పే. ఇంకా గట్టిగా పట్టుకోవాల్సింది. కనిపెట్టి ఉండాల్సింది. పక్కనే ఉండి కూడా..."

ఆ ఏడుపు సైకిలు గురించి కాదని ఇద్దరికీ తెలుసు.

హడావిడక్క బురదలోనే బాసింపట్టు వేసుక్కూర్చుంది.

"ఇటు చూడు. నువ్వు పట్టుకున్నావా, లేదా?"

"పట్టుకున్నాను."

"మధ్యలో వదిలేశావా?"

"లేదు."

"మరింకేం. నువ్వు పట్టుకునే ఉన్నావు. అయినా నేను పడ్డాను."

మోచెయ్యి కొంగుతో తుడుచుకుని, "పట్టుకునే ఉన్నావమ్మా," అంది మళ్ళీ. ఈసారి గొంతు ఎందుకో సన్నబడింది.

కేకులావిడ మొదటిసారి భర్త గురించి నోరు విప్పింది. ఆయన పాడితే పక్కింటి కుక్క లేచి వెళ్ళిపోయేదని చెప్పింది. కేకుల మీది క్రీము గులాబీలు దొంగతనంగా తినేసి, మీసానికంతా గులాబిరంగు పూసుకుని "నేను కాదు" అనేవాడని చెప్పింది. చెబుతూ ఏడ్చింది, ఏడుస్తూ నవ్వింది. ఒంటి మీద బురద ఎండి పెచ్చులు రాలేదాకా ఇద్దరూ అక్కడే కూర్చున్నారు.

ఆఖరి రోజు పొద్దున్నే లేచి కేకులావిడ కేకు చేసింది. క్రీము నింపిన కోను చేతిలోకి తీసుకుంది. అందరూ చుట్టూ చేరి చూస్తున్నారు. మొదటి అక్షరం కాస్త వంకర పోయింది. రెండోది కుదిరింది. 'హడావిడక్క' అని పూర్తి చేసి, చివర ఒక గులాబీ కూడా పెట్టింది. టీచరమ్మ చప్పట్లు కొట్టింది.

కేకు పట్టుకుని అంతా ఇల్లంతా వెతికారు. ఆవిడ లేదు.

"ఇప్పుడే వెళ్ళారండీ," అంది వరండాలో కౌన్సెలర్. "వీడ్కోళ్ళు తన వల్ల కాదన్నారు."

"అయ్యో. ఒక్క మాటైనా చెప్పనివ్వలేదు," అంది కేకులావిడ. "అది సరే, ఇలాంటి వంటమనిషిని ఎక్కడ సంపాదించారండీ?"

కౌన్సెలర్ తెల్లబోయింది.

"వంటమనిషి జ్వరమొచ్చి రాలేదు. చేతులు ఊరుకోవంటూ ఆవిడే వంటింట్లో దూరారు."

"మరి ఆవిడెవరు?"

"తను వెళ్ళాక మీకు చెప్పమన్నారు. ఆవిడా మీలాగే వచ్చారండీ. పోయిన నెల చనిపోయిన కూతురి సైకిలుని, ఎక్కడం రాక, ఇంటి దగ్గర్నుంచి తోసుకుంటూ వచ్చారు. ఇవాళ తొక్కుకుంటూ వెళ్ళారు."