పసుపు చుక్క

డార్సీ ప్లంకెట్ కాలితో ఒక్క తన్ను తన్నాడు. ఇసుకలో అంచుదాకా పాతిన ప్లాస్టిక్ కప్పు ఎగిరి పాచికుప్పలో పడింది.

"బీచ్ మీద చెత్త వెయ్యకూడదు. బోర్డు కనబళ్లేదా, పురుగులమ్మా?"

రొవీనా మోకాళ్ల మీద నుంచి లేవకుండానే చెయ్యి చాచి కప్పు అందుకుంది. దాన్ని మళ్లీ అదే గుంటలో దింపింది.

"చెత్త కాదు ప్రెసిడెంటు గారూ, బోను. పెంకుపురుగులు తిరుగుతూ తిరుగుతూ ఇందులో పడతాయి. మీ కౌన్సిల్ వాళ్లే లెక్కపెట్టమన్నారు."

"ఇంత చదువూ చదివింది పురుగుల్ని లెక్కపెట్టడానికా?"

గన్నెట్ బీచ్‌లో ఈతపోటీలు నడిపే సర్ఫ్ క్లబ్బుకి డార్సీ ముప్ఫై ఏళ్లుగా ప్రెసిడెంటు. అంటే ముప్ఫై ఏళ్లుగా ఆ చాకిరీకి ఇంకెవరూ ఒప్పుకోలేదని అర్థం. ఆయన మాత్రం తన గొప్పే అనుకుంటాడు. ఇప్పుడాయనకి ఇసుకదిబ్బ మీద కొత్త క్లబ్బు కావాలి. పైన బారు, బారు గోడ మీద తన పేరు. కౌన్సిల్ ఒక్క మెలిక పెట్టింది. ఆ నల్ల పెంకుపురుగులు ఈ తీరంలో తప్ప దొరకవట. దిబ్బ దగ్గర అవి ఐదు వందలకి మించి ఉన్నాయని తేలితే అక్కడ ఇటుక పెట్టడానికి వీల్లేదు.

రొవీనా ఒక పురుగుని రెండు వేళ్ల మధ్య పట్టుకుని, వీపు మీద గోళ్ల రంగుతో పసుపు చుక్క పెట్టింది.

"ముస్తాబు కూడానా వీటికి?"

"గుర్తండీ. ఈ యాభైకీ చుక్కలు పెట్టి వదిలేస్తాను. వారం తర్వాత మళ్లీ పట్టినప్పుడు..."

"నాకు పాఠాలు చెప్పకు. చుక్క లెక్క కోసమేగా?"

"లెక్క కోసమే, కానీ..."

"చాలు," అని డార్సీ వెళ్లిపోయాడు. ఆడవాళ్ల మాట చివరిదాకా వినే అలవాటు ఆయనకి ఇంట్లోనూ లేదు.

క్లబ్బు ట్రాక్టరు నడిపే క్లెమ్ చక్రానికి గాలి కొడుతున్నాడు. డార్సీ వెళ్లి పక్కన నిలబడ్డాడు.

"ఒరే క్లెమ్, మన పోటీల్లో పిల్లల జబ్బల మీద నంబర్లు ఎందుకేస్తాం?"

"లెక్కకి."

"నంబరు లేనివాడు ముందొస్తే?"

"రానట్టే. పోయినేడు నీళ్లలో నంబరు చెరిగిపోయిందని ఆ పిల్లకి నువ్వు పతకం ఇవ్వలేదుగా. పాపం, ఎంత ఏడ్చిందో."

"మరదే. చుక్క ఉన్నవే లెక్కలోవి. అవి మాయమైతే పురుగులమ్మ లెక్క సున్నా."

క్లెమ్ గాలి కొట్టడం ఆపాడు. "అంత తేలికంటావా? దేనికైనా మంచిది, ఆవిణ్ణి ఓ మాట అడగరాదూ."

"పురుగులేరుకునే మనిషిని నేను అడగాలా?"

మర్నాటి నుంచి తెల్లవారుతూనే ప్రెసిడెంటు గారు ఇసుకలో మోకాళ్ల మీద ఉన్నారు. పక్కన ఖాళీ ఐస్‌క్రీం డబ్బా. ఒడ్డుకి కొట్టుకొచ్చిన దుంగలన్నీ ఎత్తాడు, పాచికుప్పలన్నీ పెళ్లగించాడు. నల్లవాటిని తుచ్ఛంగా పక్కకి తోసేసి, పసుపు చుక్క వాటినే ఏరాడు. ఒక పురుగు బొటనవేలు పట్టుకుని ఎంతకీ వదల్లేదు.

కుక్కతో నడకకొచ్చిన ఒకావిడ ఆగింది. "ఏం పోయింది డార్సీ?"

"కళ్లజోడు."

"పెట్టుకునే ఉన్నావుగా?"

ఆయన డబ్బా మూత బిగించి లేచాడు. ఇంటికెళ్లి డబ్బా కోళ్ల ముందు బోర్లించాడు. కోళ్లు మాత్రం ఆయన్ని ఎన్నడూ లేనంత ప్రేమగా చూశాయి.

ఆరు రోజుల్లో నలభై తొమ్మిది దొరికాయి. ఆ మిగిలిన ఒక్కదాన్నీ క్షమించేశాడు.

వారం తిరిగింది. రొవీనా ముందురోజు సాయంత్రం కప్పులు పాతి, పొద్దున్నే లెక్కకి కూర్చుంది. డార్సీ కాఫీ పట్టుకుని, క్లెమ్‌ని వెంటేసుకుని మరీ వచ్చాడు.

"ముప్ఫై తొమ్మిది, నలభై," అంది రొవీనా.

"చుక్కవెన్ని?"

"ఒక్కటి."

డార్సీ ఇకిలించాడు. "విన్నావా క్లెమ్? ఒకే ఒక్క పురుగు. దానికోసం వారం రోజులు నా బీచ్ అంతా గుంటలు తవ్వింది."

రొవీనా నలభైనీ మళ్లీ ఒక్కొక్కటే తిప్పి చూసింది. రంగు ఊడిన జాడ కూడా ఎక్కడా లేదు. ఆమె మొహం వెలిగిపోయింది.

"ఆ రోజు పాఠం వద్దన్నారు, ఇప్పుడు వినండి. ఇక్కడున్నవి ఆ యాభయ్యే అయితే ఇవాళ పడ్డ నలభైకీ చుక్క ఉండాలి. వంద ఉంటే సగానికి ఉండాలి. నలభైలో ఒక్కదానికే ఉందంటే, నా యాభై ఎంత పెద్ద గుంపులో కలిసిపోయాయో చూడండి. నలభై యాభైలు రెండు వేలు."

డార్సీ కాఫీ కప్పు ఇసుకలో పెట్టాడు. "చుక్కవి... ఎటైనా పోయుంటేనో?"

"ఎటు పోతాయి? ఎగరలేవు. ఎవరైనా పనిగట్టుకుని ఏరి చంపాలి. చంపితే జైలు. అంత బుద్ధితక్కువ వాడు ఎవడుంటాడండీ?"

క్లెమ్ తల తిప్పుకుని సముద్రం వైపు చూశాడు.

"నిజం చెప్పొద్దూ, మొదటిరోజు చూసి వందకి మించవనుకున్నాను," అంటూ రొవీనా జేబులోంచి ఒక కాగితం తీసి రెండుగా చింపింది. "క్లబ్బు కట్టుకోవచ్చని మీ పేర రాసి కూడా పెట్టాను."