గట్టి అద్దం

కిటికీ అద్దాన్ని కొట్టి చూడమని షాపాయన నా చేతికి సుత్తి ఇచ్చాడు. కొట్టాను. గీత కూడా పడలేదు.

“గట్టిగా కొట్టండి! పొద్దున అన్నం తిన్లేదా?” అని మా ఆవిడ వెక్కిరించింది.

ఈసారి బలంకొద్దీ కొట్టాను. అద్దమంతా సాలెగూడులా పగుళ్లు పట్టింది కానీ ఒక్క పెంకూ రాలలేదు.

“తుఫానుకి ఎగిరొచ్చే కొమ్మలూ రేకులూ దీన్నేం చెయ్యలేవమ్మా. తెరుచుకునే రకం ఇవ్వనా, బిగింపు రకమా?” అన్నాడు షాపాయన.

“అన్ని కిటికీలకీ బిగింపువే ఇవ్వండి. ఆ గాలికి సందు దొరికితే చాలు, ఇల్లు పీకి పందిరేస్తుంది” అని మా ఆవిడే తేల్చేసింది.

ఇవాళ తుఫాను. కొట్టుకుంటున్న గేటుని కట్టేద్దామని నేను బయటికి రాగానే, వెనకాలే వరండా కప్పు కూలి తలుపుకి అడ్డం పడింది. సముద్రపు నీళ్లు వీధి దాటి ఇంట్లోకి వచ్చేశాయి.

కూలిన వరండా ఇటుకతో పడగ్గది కిటికీని బాదుతున్నాను. లోపల మంచమెక్కి నిలబడ్డ మా ఆవిడకి నీళ్లు నడుందాకా వచ్చాయి. దెబ్బదెబ్బకీ అద్దం తెల్లబడిపోయి, ఇప్పుడు ఆమె మొహం కూడా కనబడడం లేదు. ఒక్క పెంకూ రాలలేదు.

గొంతు మాత్రం వినబడుతోంది.

“గట్టిగా కొట్టండి.”